మూగచిత్రాలలో రక్తపిశాచి

రేడియోలో మాటలాడే మనిషి మీకు కనబడడు. మూగచిత్రంలో నటించే మనిషి మీకు వినబడడు. మొదటి దానిలో కన్నులకు పని లేదు, రెండవ దానిలో చెవులకు పని లేదు. లోపించిన ఆ సగభాగాన్ని శ్రోత గాని, ప్రేక్షకుడు గాని తన మనస్సులో తానే నింపుకొనవలెను. ఇరువది ఏండ్లుగా మైక్రోఫోను ఎదుట కూర్చొని బ్రతుకుతున్న నాకు మూగచిత్రాల మీద మక్కువ కలగడానికి ఈ చుట్టరికమే కారణమై ఉండవచ్చును.

ఈ పూట నేను చెప్పదలచినది అటువంటి ఒక చిత్రాన్ని గురించి. దాని పేరు ‘నొస్ఫెరాటు’. 1922 మార్చి 4వ తేదీన బెర్లిన్ నగరంలో మొదటిసారి ప్రదర్శింపబడినది. దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ. మనుష్యుల రక్తం త్రాగి జీవించే పిశాచం కథ ఇది. నూరేండ్లు దాటిన ఈ చిత్రాన్ని నేడు ఎట్లా చూడవలెను, అసలు ఎందుకు చూడవలెను అన్నవి ప్రశ్నలు. వీటికి సమాధానాలు నాకు పుస్తకాలలో కంటె మెదకులోని మా ఇంటి వసారాలోనే ఎక్కువగా దొరికినవి.

2025 సంక్రాంతి సెలవులకు పిల్లలను వెంటబెట్టుకొని మెదకు వెళ్ళినాను. అంతకు ముందు డిసెంబరులోనే రాబర్ట్ ఎగ్గర్స్ అనే అమెరికన్ దర్శకుడు ఇదే కథను మాటలతో మళ్ళీ తీసినాడు. ఆ సంగతి ఎక్కడనో చదివిన మా పెద్దవాడు పాత చిత్రాన్ని చూపించుమని పట్టుబట్టినాడు. వసారా గోడకు తెల్లని దుప్పటి కట్టినాము. ఒక మిత్రుడు ప్రొజెక్టరు తెచ్చి ఇచ్చినాడు. పిల్లలు ముందు చాప మీద చేరినారు. డెబ్బది ఏండ్లు దాటిన మా అమ్మ దీపపు వత్తులు చేసుకొంటూ వెనుక మంచం మీద కూర్చున్నది.

కథ చెప్పుకొనడానికి ఎంతో లేదు. హుట్టర్ అనే యువకుడు ఇండ్ల బేరాలు కుదిర్చే ఒకాయన దగ్గర గుమాస్తా. కార్పేతియన్ కొండలలోని ఓర్లోక్ ప్రభువు తన పట్టణంలో ఇల్లు కొనదలచినాడని తెలిసి, భార్య ఎలెన్ వద్దన్నా వినక బయలుదేరుతాడు. ఆ ప్రభువు మనిషి కాడు. హుట్టర్ దగ్గర ఎలెన్ చిత్తరువును చూచి, వారి ఇంటికి ఎదుటనున్న పాడుపడిన ఇంటినే కొంటాడు. మట్టి నింపిన శవపేటికలతో ఓడ ఎక్కి పట్టణం చేరుతాడు. పేటికలలో నుండి ఎలుకలు దిగుతవి, వాటి వెంట మహమ్మారి దిగుతుంది. నిష్కల్మషమైన స్త్రీ ఒకతె తన ఇష్టంతో ఆ పిశాచాన్ని కోడి కూసే వేళ దాటేవరకు తన దగ్గర నిలిపి ఉంచితే అది నశిస్తుందని ఎలెన్ ఒక గ్రంథంలో చదువుతుంది. ఒక రాత్రి తన కిటికీ తానే తెరుస్తుంది. తెల్లవారుతుంది, పిశాచం పొగయై పోతుంది. ఆమె కూడ ప్రాణాలతో మిగలదు.

కోడి కూతకు దయ్యం నిలువదన్న మాట మన పల్లెలలో పసిపిల్లలకు కూడ తెలిసినదే. కాని ఈ కథకు మూలమైన ‘డ్రాకులా’ నవలలో పిశాచం పగటివేళ కూడ సంచరించగలదు. ఆ నవలను బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించినాడు. ఎండ తగిలి రక్తపిశాచి నశించడం అనేది ఈ చిత్రంతో మొదలైన సంగతి. తరువాత వచ్చిన రక్తపిశాచుల కథలు అనేకం సూర్యునికి భయపడడం ఇక్కడనే నేర్చుకొన్నవి.

మొదటి అరగంట పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. దానికి నేను వారిని తప్పుపట్టను. ఓర్లోక్ పంపిన బండి కొండదారిలో కీ ఇచ్చిన బొమ్మ వలె గిలగిలలాడుతూ పరుగెత్తినది. సత్రంలోని పల్లెవారు భయపడే తోడేలు మనిషికి బదులుగా తెర మీద కనబడినది ఒక దుమ్ములగొండి. అది పాపం ఎటు పోవలెనో తెలియనట్లు దిక్కులు చూచినది. హుట్టర్ వేషధారి సంతోషం వచ్చినా, దుఃఖం వచ్చినా చేతులతోనే చెబుతాడు. మా అమ్మ తల ఎత్తి, “గీనకేమైంది, గట్ల ఉరుకులాడుతుండు?” అన్నది. అందరము నవ్వినాము.

ఇంతలో పదేండ్ల మా చిన్నవాడు ఒక ప్రశ్న వేసినాడు. ఓర్లోక్ తన పేటికను చంకన పెట్టుకొని నిర్జనమైన వీధులలో నడిచిపోయే ఘట్టం వచ్చినది. “ఎండ తగిలితే చచ్చిపోతాడన్నావు కదా నాన్నా! మరి ఎండలో పెట్టె మోసుకొని పోతున్నాడేమి?” అన్నాడు. నిజమే, తెర మీద పట్టపగలు, గోడల మీద ఎండ. వాని ప్రశ్నకు జవాబు వెదకడంతో ఈ చిత్రాన్ని చూచే పద్ధతి నాకు తెలిసినది.

ఆ కాలపు ఫిల్ముకు రాత్రి వెలుతురులో బొమ్మను పట్టుకొనే శక్తి చాలదు. కనుక రాత్రి ఘట్టాలను పగటిపూటనే తీసేవారు. తరువాత ఆ ఫిల్ము ముక్కలను నీలిరంగులో ముంచేవారు. నీలం వస్తే రాత్రి అని ప్రేక్షకుడు తెలుసుకొనేవాడు. దీపపు వెలుతురుకు పసుపుచాయ, తెల్లవారు జామునకు గులాబిచాయ. అంటే నలుపు తెలుపుల చిత్రమని మనము అనుకొనేది మొదట రంగుల చిత్రమే. కాలక్రమంలో ప్రతికి ప్రతి తీసినవారు రంగులు వదిలివేసినారు. ఆ వదిలిన ప్రతులే దేశదేశాలకు ప్రాకినవి. మేము చూస్తున్నది అటువంటి ఒక ప్రతి. రాత్రి కాస్తా పగలైనది. పిశాచం ఎండలో తిరిగి నవ్వులపాలైనది.

ఆట ఆపి, రంగులు పునరుద్ధరించిన ప్రతిని వెదకి పట్టుకొన్నాము. పారిస్‌లో భద్రంగా మిగిలిన ఒక రంగు ప్రతిని ఆధారంగా చేసుకొని, మూర్నౌ పేరిట జర్మనీలో వెలసిన సంస్థవారు 2006 ప్రాంతంలో సిద్ధం చేసినది అది. వేగం కూడ సరిదిద్దబడినది. మూగచిత్రాలను సెకనుకు పదహారు, పద్దెనిమిది బొమ్మల చొప్పున చేతితో త్రిప్పి తీసేవారు. వాటిని టాకీల కోసం వచ్చిన యంత్రాలమీద సెకనుకు ఇరువది నాలుగు చొప్పున ఆడిస్తే మహారాజు నడక కూడ కోతి గంతులాగానే ఉంటుంది. దర్శకుడు కావాలని తొందరపెట్టినది ఆ కొండదారి బండి వంటి ఒకటి రెండు చోట్లనే. మనుష్యుల పరుగులన్నీ యంత్రం చేసిన అపచారం.

మరునాడు ఉదయం పిల్లలను మెదకు చర్చికి తీసికొనిపోయినాను. నూట డెబ్బదియైదు అడుగుల ఆ గోపురం మా వీధి మలుపులో నుండే కనబడుతుంది. 1914 మొదలుకొని, కరువు రోజులలో చుట్టుపట్ల పేదలకు కూలి దొరకవలెనని పాస్నెట్ దొర కట్టించిన ఆలయమది. 1924 క్రిస్టమస్ నాడు ప్రతిష్ఠ జరిగినది. ఇక్కడ గోడలు లేస్తున్న సంవత్సరాలలోనే అక్కడ ఆ చిత్రం తయారైనదన్న మాట. దాని పెద్ద కిటికీలలోని రంగు గాజులు బయట నుండి చూస్తే నల్లని పలకలు; ఏమీ తెలియదు. లోపల నిలబడి చూస్తే సూర్యుని వెలుతురు వాటిగుండా వచ్చి నీలము, ఎరుపు, పసుపు బొమ్మలై నిలుస్తవి. “బొమ్మ గాజు మీద ఉన్నది, కాని వెలుతురు దాటి వచ్చినప్పుడే మనకు కనబడుతున్నది. నిన్నటి ఫిల్ము కూడ అంతే” అని చెప్పినాను. “దీనిని పగలు చూడాలి, దానిని రాత్రి చూడాలి” అన్నాడు చిన్నవాడు. నేను దానికి చేర్చవలసినది లేకపోయినది.

ఆ రాత్రి మళ్ళీ మొదటి నుండి చూచినాము. ఈసారి నవ్వు తగ్గినది. ఎందుకు తగ్గినదో గమనిస్తూ కూర్చున్నాను.

మొదటిది నిశ్శబ్దం. ఈనాటి భయానక చిత్రాలలో దయ్యం రాకముందే వాద్యాలు వస్తవి. తలుపు చప్పుడు, గాలి చప్పుడు, చెవిలో కేక. మనలను భయపెట్టే పని చెవికి అప్పగించి కన్ను ఊరకుంటుంది. మూగచిత్రంలో ఆ సౌకర్యం లేదు. ఓర్లోక్ ద్వారబంధంలో నిలబడతాడు. బోడితల, మొనదేలిన చెవులు, కొయ్యకట్టె వలె బిగిసిన శరీరం, రోజురోజుకు పెరుగుతున్నట్లున్న గోళ్ళు. అతడు తొందరపడడు. ఆ పాత్రను ధరించిన మాక్స్ ష్రెక్ కన్నార్పకుండా చూస్తూ ముందుకు వస్తుంటే మనకు అతని అడుగుల చప్పుడు వినబడదు. వినబడనందువల్లనే ఎంత దగ్గరకు వచ్చినాడో అంచనా అందదు.

శబ్దం లేకపోయినా చప్పుడు ఉండే చోటు ఒకటి ఉన్నది. మహమ్మారి ప్రవేశించిన పట్టణంలో ఒక మనిషి డప్పు వంటి వాద్యం మోగిస్తూ వీధిలోకి వస్తాడు. వరుసగా కిటికీలు తెరుచుకొంటవి. తలలు బయటకు వస్తవి. అతడు కాగితం విప్పి అధికారుల ఆజ్ఞ చదువుతాడు. మన ఊళ్ళలో దండోరా వేసినట్లే. మా ఇంట్లో ఆ క్షణాన చీమ చిటుక్కుమనలేదు. అయినా అందరికీ డప్పు వినబడినదని నేను ప్రమాణం చేయగలను. చూచేవాడు తనకు తెలిసిన డప్పును అక్కడ చేర్చుకొంటాడు. జర్మనీవాడు జర్మనీ వాద్యం వింటాడు, మెదకువాడు మెదకు డప్పు వింటాడు. రేడియో నాటకంలో మేము కొబ్బరి చిప్పలతో గుర్రపు నడక వినిపించినప్పుడు మీరు మీకు తెలిసిన గుర్రాన్ని చూడడం లేదా? అదే పని.

రెండవది నీడ. ఎలెన్ గదికి వెళ్ళే మెట్లను పిశాచం ఎక్కడం మనకు చూపరు. గోడ మీద అతని నీడ మాత్రం ఎక్కుతుంది. వంగిన వీపు, చాచిన చేయి, బారెడు వేళ్ళు. ఆ నీడ చేయి ఎలెన్ రొమ్ము మీదికి ప్రాకి గుప్పిలి బిగిస్తుంది, ఆమె విలవిలలాడుతుంది. తోలుబొమ్మలాట చూచి పెరిగిన జాతికి దీనిని విడమరచి చెప్పనవసరం లేదు. తెర వెనుక దీపం పెట్టి, తోలుబొమ్మ చాయలతోనే రామరావణ యుద్ధం తెల్లవార్లూ నడిపించిన వారు మన కళాకారులు. నీడ అంటే మనిషి కంటె తక్కువ అని మనము ఎన్నడూ అనుకోలేదు. పైగా తోలుబొమ్మలవారు తమ నీడకు పాట, పద్యం, తాళం ఇచ్చినారు. మూర్నౌ నీడకు అవి కూడ లేవు.

మూడవది మహమ్మారి. దీనిని గురించి చెప్పడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకొన్నాను.

ఈ చిత్రం తీసినవారు మొదటి ప్రపంచ యుద్ధం చూచినవారు. మూర్నౌ స్వయంగా యుద్ధ విమానాలలో పనిచేసినాడు. యుద్ధం ముగుస్తూనే 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి లోకమంతటా ఇండ్లకు ఇండ్లు ఖాళీ చేసినది. అందుకని వారి పిశాచం ఒక్క మనిషి మెడను వెదకుకొనే దొంగ కాదు. ఎలుకలను వెంటబెట్టుకొని ఓడ దిగే వ్యాధి. మన వైపు కూడ ఇది అనుభవంలో ఉన్నదే. 1911లో హైదరాబాదు నగరాన్ని ప్లేగు పట్టినది. ఇంట్లో ఎలుక రాలితే ఇల్లు విడిచి పొలాలలో గుడిసెలు వేసుకొన్న సంగతి మా తాతమ్మ చెప్పగా మా అమ్మ విన్నది. ‘గత్తర’ అన్న మాట తెలంగాణంలో నేటికీ తిట్టుగా మిగిలి ఉన్నది. ఊరి పొలిమేరలో పోచమ్మను నిలుపుకొన్నది కూడ బయట నుండి వచ్చే ఈ ఆపదకు అడ్డుగానే.

చిత్రంలో ఒక అధికారి ఇంటింటి తలుపు మీద సుద్దతో గుర్తు వేసుకుంటూ పోతాడు. తరువాత ఎలెన్ కిటికీ దగ్గర నిలబడి క్రిందికి చూస్తుంది. పొడుగు టోపీల మనుష్యులు నల్లని పేటికలు మోసుకొంటూ, ఒకరి వెనుక ఒకరు, సన్నని వీధిలో నెమ్మదిగా వస్తుంటారు. ఏడుపు లేదు, మంత్రం లేదు, మాట లేదు. ఆ వరుసకు తుది ఉన్నట్లు తోచదు.

వత్తులు చేస్తున్న మా అమ్మ చేయి ఆగినది. కొంతసేపటికి, “ఆళ్లకు మోసెటోళ్లన్న దొరికిండ్రు కొడుకా” అన్నది.

2021 మే నెలలో మా మేనమామ కరోనాతో పోయినాడు. మేము వెళ్ళేసరికి అంతా ముగిసినది. సంచిలో చుట్టిన శరీరాన్ని బండిలో నుండి దించినవారు ఎవరో మాకు తెలియదు, ముఖాలు కనబడలేదు. తమ్ముని చివరిచూపు మా అమ్మకు దక్కలేదు. పాడె మోయడానికి నలుగురు ఉండడం ఒక మనిషి సంపాదన అని నమ్మే దేశంలో ఆ నలుగురు దొరకలేదు. నాలుగేండ్లుగా ఆమె ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. మేము కూడ అడగలేదు. నూరేండ్ల క్రిందటి జర్మనీవారి మూగబొమ్మ ఒకటి ఆమె చేత ఆ మాట అనిపించినది. అందులో ఎవరైనా మాటలాడి ఉంటే, వాద్యాలు ఏడ్చి ఉంటే, ఆమె తన మాటను మింగివేసి ఉండేదేమో. అక్కడ నిశ్శబ్దం ఉన్నందున దానిలో ఆమె మాటకు చోటు దొరికినది.

ఇంతటి చిత్రం మనకు దక్కడమే ఒక వింత. నిర్మాతలు స్టోకర్ కుటుంబం నుండి నవల హక్కులు కొనలేదు. పేర్లు మార్చితే చాలుననుకొని డ్రాకులాను ఓర్లోక్ చేసినారు. రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ న్యాయస్థానానికి వెళ్ళినది. అప్పటికే నిర్మాణ సంస్థ దివాలా తీసినది. 1925లో జర్మన్ న్యాయస్థానం చిత్రం ప్రతులన్నీ ధ్వంసం చేయవలసినదని తీర్పు ఇచ్చినది. ఆమె పట్ల అన్యాయం జరిగిన మాట నిజమే. ఆమె కోపాన్ని తప్పనలేము. కాని అప్పటికే కొన్ని ప్రతులు సరిహద్దులు దాటి ఇతర దేశాలలో ఆడుతున్నవి. వాటిని దాచినవారు దాచినారు, చూపినవారు చూపినారు. చంపివేయమని తీర్పు పొందిన చిత్రం ఈ విధంగా బ్రతికినది.

మన మూగచిత్రాల సంగతి చూడండి. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినారు. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ మన హైదరాబాదులోనే లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి చిత్రాలు తీసినాడు. 1924లో ‘రజియా బేగం’ అనే చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ప్రభువు ఆగ్రహానికి గురియై ఊరు విడువవలసి వచ్చినది. నొస్ఫెరాటుకు ఇవి తోటి వయస్సువి. వీటిని ధ్వంసం చేయమని ఏ న్యాయస్థానమూ చెప్పలేదు. అయినా చూడబోతే ఒక్కటి దొరకదు. భారతదేశంలో తయారైన మూగచిత్రాలు 1,300కు పైమాట. ముక్కలతో కలిపి నేడు మిగిలినవి ముప్పయికి అటు ఇటు. ఆనాటి ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. కొట్లలో కొన్ని అట్లా కాలినవి. కొన్ని వెండి కోసం కరిగించబడినవి. టాకీలు వచ్చిన తరువాత ఇంకెవరు చూస్తారన్న నిర్లక్ష్యంతో తక్కినవి పోయినవి. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడేనాటికే చాలా ఆలస్యమైనది.

ఇది మన ఒక్కరి దౌర్భాగ్యం కాదు. అమెరికాలో లాన్ చేనీ రక్తపిశాచి వేషంలో కనబడిన ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ అనే 1927 నాటి చిత్రం నేడు లేదు. కొన్ని నిశ్చల ఛాయాచిత్రాలు మాత్రం మిగిలినవి. నొస్ఫెరాటు చూచి సంతోషించినవారు తరువాత చూడదగినది డ్రెయర్ తీసిన ‘వాంపీర్’. 1932లో వచ్చినది. పేరుకు టాకీయే గాని మాటలు అతి తక్కువ, స్వభావం మూగచిత్రానిదే. మనిషి లేకుండా నీడలు తిరుగుతవి. దానిని నొస్ఫెరాటు తరువాతనే చూడండి. ముందుగా చూస్తే కథ చేతికి చిక్కదు.

చూడదలచినవారికి నా మనవి ఇంతే. నొస్ఫెరాటు అంతర్జాలంలో ఉచితంగానే లభిస్తుంది. కాని మొదట దొరికిన ప్రతిని చూడకండి. నీలము, పసుపు, గులాబి చాయలు ఉన్నదానిని ఎన్నుకొనండి. నిడివి గంటన్నర ఉంటే వేగం సరిగా ఉన్నట్లే. గంటకు కొంచెం పైగా ఉంటే అది తొందరపెట్టిన ప్రతి. రాత్రి పూట, దీపాలు ఆర్పి, నలుగురు కలిసి చూడండి. చేతిలోని ఫోను ప్రక్కన పెట్టండి. మొదట నవ్వు వస్తే నవ్వండి, ఆపుకొనకండి. చదువురాని పెద్దలు ఉంటే తెర మీది అక్షరాలను ఎవరైనా గట్టిగా చదివి తెలుగులో చెప్పండి. మూగచిత్రాల కాలంలో మన టెంటుహాళ్ళలో తెర ప్రక్కన ఒకాయన నిలబడి చేసిన పని అదే. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాకు దక్కినది. ఇరువది ఏండ్ల ప్రసార జీవితంలో అంత శ్రద్ధగా విన్న శ్రోతలను నేను ఎరుగను.

చిత్రం ముగిసి పిల్లలు నిద్రపోయిన తరువాత ప్రొజెక్టరు కట్టివేయబోతుంటే మా అమ్మ వద్దన్నది. “కిటికీ కాడ ఆ పిల్ల నిలబడ్డది మళ్లొకసారి పెట్టు” అన్నది. పెట్టినాను. ఆ వరుస పోయినంతసేపు చూచి, కొంగుతో కన్నులు ఒత్తుకొని, తమ్ముని చిన్ననాటి ముచ్చట ఒకటి మొదలుపెట్టినది. మేము పడుకొనేసరికి చాలా ప్రొద్దుపోయినది.